కుక్క నోరు వాసనొస్తే అది దాని గుణం కాదు

“కుక్కన్నాక నోరు వాసన రాకుంటే ఎట్లా?” కుక్కని పెంచే ఇళ్లలో మన వైపు ఈ మాట వినపడుతూనే ఉంటుంది. రాకూడదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోట్లో తిన్న తిండి వాసన కాసేపు ఉండి పోతుంది. పక్కన కూర్చోగానే మొహం తిప్పుకోవాల్సినంత కంపు ఉందంటే చిగుళ్ల కింద క్రిములు కాపురం పెట్టి చాన్నాళ్లైందన్నమాట. పిల్లి విషయంలో ఇది ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. అది నొప్పి ఉన్నా మూలగదు. తిండి కాస్త తగ్గించి మంచం కిందికి చేరుతుంది, అంతే.

మూడేళ్లు దాటిన కుక్కల్లో, పిల్లుల్లో ఎక్కువ వాటికి చిగుళ్ల జబ్బు ఏదో ఒక దశలో ఉంటుంది. టీకా కార్డు జాగ్రత్తగా దాచుకునేవాళ్లు, నులిపురుగుల మందు తేదీ క్యాలెండర్‌లో రాసుకునేవాళ్లు కూడా పెదవి ఎత్తి లోపలికి చూడరు. ఈ పోస్టు ఆ పెదవి ఎత్తడం గురించే. పళ్ళ కోసం ఎత్తినా, అక్కడ రక్తం తగ్గడం, కామెర్లు, పిడుదుల జ్వరం, ఎండదెబ్బ కూడా కనబడతాయి. వారానికి ఒక నిమిషం పని.

ముందు లెక్క. పెద్ద కుక్కకి 42 పళ్ళు, పెద్ద పిల్లికి 30. పాలపళ్ళు కుక్కపిల్లకి 28, పిల్లికూనకి 26. మూడో నెల చివర్లో పాలపళ్ళు ఊడటం మొదలై, ఆరు ఏడు నెలలకల్లా అసలు పళ్ళు వచ్చేయాలి. ఇక్కడ ఒక పాటించాల్సిన నియమం ఉంది: ఒకే చోట రెండు పళ్ళు ఉండకూడదు. పామరేనియన్, స్పిట్జ్, షిట్జు లాంటి చిన్న జాతుల్లో కోరపన్ను కొత్తది వచ్చినా పాలది ఊడకుండా పక్కనే సన్నగా నిలబడి ఉంటుంది. రెండింటి సందులో తిండి, వెంట్రుకలు ఇరుక్కుంటాయి. కింది కోర లోపలికి వంకరగా పెరిగి అంగిలిలో గుచ్చుకుంటుంది. ఏడు నెలలు నిండినా పాల కోర ఉంటే దాన్ని తీయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఆలోచన ఉంటే అదే మత్తులో ఈ పనీ అయిపోతుంది, డాక్టరుకి ముందే చెప్పండి.

చిన్న కుక్కల గురించి ఇంకో మాట. అల్సేషియన్‌కీ 42 పళ్ళే, అరచేతి మీద నిలబడే పామరేనియన్‌కీ 42 పళ్ళే. దవడ మాత్రం దానిది మన చిటికెన వేలంత. పళ్ళు ఇరుకిరుగ్గా ఉండటం వల్ల పాచి త్వరగా పడుతుంది, కింద ఎముక పలచగా ఉండటం వల్ల జబ్బు ముదిరితే దవడ విరిగే దాకా పోతుంది. మంచం మీంచి దూకి దవడ విరిగిందని తెచ్చే ముసలి చిన్న కుక్కల్లో చాలాసార్లు ఆ ఎముకని అంతకుముందే చిగుళ్ల జబ్బు తినేసి ఉంటుంది.

పాచి ఎట్లా గార అవుతుంది

తిన్న కొద్ది గంటల్లోనే పన్ను మీద కంటికి కనపడని జిగురు పొర పడుతుంది. అది పాచి, అంటే క్రిముల పొర. వేలితో తుడిచినా పోతుంది. దాన్ని రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు పట్టి గట్టిపడి పసుపు, గోధుమ రంగు గార అవుతుంది. గార అయ్యాక బ్రష్షుకి లొంగదు. రోజూ బ్రష్ చేయమని చెప్పేది ఇందుకే. వారానికోసారి చేస్తే అప్పటికే గట్టిపడిన దాని మీద రుద్దడమే అవుతుంది.

గార ఎక్కువగా ఎక్కడ పడుతుందో తెలిస్తే సగం పని తగ్గుతుంది. పైదవడలో, కంటికి దాదాపు కిందుగా, ఒక పెద్ద పన్ను ఉంటుంది. మాంసం కోసే పన్ను అది. చెంప లోపలి లాలాజల గ్రంథి నాళం సరిగ్గా దానికెదురుగా తెరుచుకుంటుంది కాబట్టి ఖనిజాలు అక్కడే ముందు పేరుకుంటాయి. ముందు పళ్ళు తెల్లగా మెరుస్తుంటే చాలనుకుని వదిలేసేవాళ్లకి ఈ పన్ను ఎప్పుడూ కనపడదు.

గార కంటే ముఖ్యమైనది చిగురు అంచు. పన్ను, చిగురు కలిసేచోట సన్నని ఎర్ర గీత ఉంటే వాపు మొదలైంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు పూర్తిగా మామూలవుతుంది. అది దాటి క్రిములు చిగురు కిందికి దిగి పన్నుని పట్టుకున్న ఎముకని తినేస్తే, పోయిన ఎముక తిరిగి రాదు. మత్తులో ఉన్నప్పుడు డాక్టరు సన్నని కొలత పుల్లతో చిగురు లోతు చూస్తారు. కుక్కకి 3 మిల్లీమీటర్ల లోపు, పిల్లికి 1 మిల్లీమీటరు లోపు ఉంటే సరే. అంతకు మించితే లోపల జేబులా సందు పడిందని లెక్క.

ఎట్లా చూడాలి

పగటి వెలుతురులో, కుక్కకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. నోరు తెరవొద్దు. తెరవబోతే పెనుగులాట మొదలవుతుంది, అవసరం కూడా లేదు. ఒక చెయ్యి గడ్డం కింద ఉంచి, రెండో చేతి బొటనవేలితో పైపెదవిని పైకీ వెనక్కీ జరపండి. కోర, దాని వెనక దవడ పళ్ళు, ఆ పెద్ద పన్ను కనపడతాయి. అటువైపు కూడా అంతే. చూడాల్సినవి గార, ఎర్ర అంచు, విరిగిన మొన, నల్ల చుక్క, ఒకవైపు గడ్డ. ఒక వైపు మాత్రమే గార ఎక్కువ ఉందంటే ఆ వైపు నమలడం మానేసింది. నొప్పి అక్కడే.

తర్వాత చిగురు మీద వేలితో ఒక క్షణం నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్లీ గులాబీ రంగుకి రావాలి. నాటు కుక్కల్లో, ల్యాబ్రడార్లలో చిగుళ్ల మీద నల్ల మచ్చలుంటాయి, అది జబ్బు కాదు. చిగురంతా నల్లగా ఉంటే కింది కనురెప్పని కొద్దిగా లాగి లోపలి రంగు చూడొచ్చు.

మన జిల్లాల్లో ఒక తిరకాసు ఉంది. అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పళ్ళు రూపుదిద్దుకునే వయసులో ఇంతకంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతే మనుషులకైనా జంతువులకైనా పంటి మీద సున్నం మచ్చలు, గోధుమ చారలు పడతాయి. దీన్ని గార అనుకుని గీకించొద్దు. గార పన్ను మీద ఎత్తుగా, గరుకుగా, చిగురు దగ్గర మందంగా ఉంటుంది. ఫ్లోరైడ్ మరక పన్నులోనే కలిసిపోయి రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. కుక్కపిల్లగా ఉన్నప్పుడు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికిన కుక్కలకి కూడా పళ్ళ మీద గుంటలు, గోధుమ పట్టీలు ఉంటాయి. మరక పోదు గానీ పిల్లలకి, కుక్కపిల్లలకి ఇంట్లో తాగే శుద్ధి చేసిన నీళ్లే పెట్టడం మంచిది.

బ్రష్ చేయడం

మొదటి రోజే బ్రష్షు నోట్లో పెట్టేవాళ్లకి రెండో రోజు కుక్క దొరకదు. ఉప్పు, ఉల్లి, అల్లంవెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లతో మొదలుపెట్టండి. మొదటి వారం వేలిని ఆ నీళ్లలో ముంచి పెదవి కింద పళ్ళ బయటి వైపు రాయండి, ఐదు సెకన్లు చాలు, వెంటనే ఒక ముక్క పెట్టండి. రెండో వారం వేలికి మెత్తటి గాజుగుడ్డ చుట్టి అదే పని, కోరల నుంచి వెనక్కి. మూడో వారం బ్రష్షు. చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు సరిపోతుంది. వేలికి తొడిగే సిలికాన్ బ్రష్షు అలవాటు చేయడానికి బాగుంటుంది గానీ దాని ముళ్లు మందం, చిగురు అంచులోకి పోవు. అలవాటయ్యాక మామూలు బ్రష్షుకి మారాలి.

కుక్కల పేస్టు బఠాణీ గింజంత తీసుకుని కుంచెలోకి అదమండి, పైన పెడితే నాకేస్తుంది. కుంచెను చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. ఒక్కో వైపు 30 సెకన్లు. లోపలి వైపు నాలుక కొంతవరకు శుభ్రం చేస్తుంది కాబట్టి బయటి వైపు చేస్తే చాలు. కడిగించాల్సిన పని లేదు. చిగుళ్లు వాచి ఉంటే మొదటి వారం కొద్దిగా రక్తం రావొచ్చు. వారం దాటినా వస్తుంటే, లేదా బ్రష్షు తగలగానే అరిస్తే ఆపేసి డాక్టరుకి చూపించండి. నొప్పి ఉన్న నోట్లో బ్రష్షు పెడితే జీవితాంతం దగ్గరికి రానివ్వదు. రోజూ కుదరకపోతే రోజు విడిచి రోజు. అంతకంటే తగ్గితే ఫలితం పెద్దగా ఉండదు.

మనం వాడే పేస్టు వద్దు. కుక్క ఉమ్మేయదు, మింగుతుంది. నురగ, ఫ్లోరైడ్ కడుపులోకి పోతాయి. కొన్ని పేస్టుల్లో, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ముల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కకి అర గంటలోనే రక్తంలో చక్కెర పడిపోయేలా చేస్తుంది, మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. గమ్ము ప్యాకెట్టు కొరికిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. ఇక ఇంటి వైద్యాలు: బొగ్గుపొడి, ఇటుకపొడి ఎనామిల్‌ని గీకేస్తాయి. ఉప్పు, వంటసోడా రోజూ మింగితే సోడియం ఎక్కువవుతుంది, గుండె, కిడ్నీ జబ్బున్న కుక్కకి మరీ చేటు. వేపపుల్ల కుక్క నములుతుంది తప్ప తోముకోదు, పీచు చిగుళ్లలో గుచ్చుకుంటుంది. లవంగనూనె పిల్లికి విషం. మన నొప్పి మాత్రలు అంతకంటే విషం, ఆ సంగతి కింద రాశాను.

బ్రష్షుకి అసలు ఒప్పుకోని వాటికి క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ 0.12 శాతం ఉన్న పశువైద్య జెల్లు చిగుళ్లకి రాయొచ్చు. నమిలే దంత స్టిక్కులు కొనేటప్పుడు వి.ఓ.హెచ్.సి. ముద్ర ఉందేమో చూడండి. పాచి, గార తగ్గిస్తాయని పరీక్షించి చూపించిన వాటికే అది ఇస్తారు. మామూలు గట్టి గింజల మేత పళ్ళు శుభ్రం చేస్తుందన్న మాట మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పన్ను మొన తగలగానే గింజ పగిలిపోతుంది, చిగురు అంచు దాకా పన్ను దిగదు.

నల్లి ఎముకలు, గొలుసు, రాళ్లు

ఆదివారం మటన్ కొట్టు నుంచి ఎముకలు తెచ్చి వేయడం ఇక్కడ ప్రేమకి గుర్తు. ఎముక నమిలే కుక్క పళ్ళు తెల్లగా ఉంటాయన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు, పైన గార కొంత రాలుతుంది. కానీ చిగురు కింద ఏం జరుగుతుందో అది ఆపదు. పైగా తెల్లటి పన్నే విరుగుతుంది. నేను ముందు చెప్పిన ఆ పెద్ద పన్ను బయటి పలక చీలి, ముక్కగా ఊడొస్తుంది. కొన్నిసార్లు ఆ ముక్క చిగురుని పట్టుకుని వేలాడుతుంది.

విరిగిన చోట ఎర్రటి లేదా నల్లటి చుక్క కనపడితే లోపలి నరం తెరుచుకున్నట్టే. కుక్క మామూలుగా తింటూనే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కొన్ని నెలలకి కంటి కింద వాపు వస్తుంది. కందిరీగ కుట్టిందనో, కంటి జబ్బనో అనుకుంటారు. యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతుంది, ఆపిన కొన్నాళ్లకి అదే చోట మళ్లీ వస్తుంది, ఒక్కోసారి చర్మం చిల్లుపడి చీము కారుతుంది. ఎందుకంటే చీము వేరు దగ్గర ఉంది, మందు అక్కడి మురికిని తీయదు. పన్ను తీయాలి, లేదా రూట్ కెనాల్ చేయాలి. మూడో దారి లేదు.

నమలడానికి ఏదిచ్చినా ఒక పరీక్ష: బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడాలి. పడకపోతే అది పన్నుకంటే గట్టిది. నల్లి ఎముక, కొమ్ము, గిట్ట, గట్టి నైలాన్ బొమ్మ ఇవన్నీ ఈ పరీక్ష తప్పుతాయి. ఉడికించిన కోడి ఎముకలు మరో రకం ప్రమాదం. సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. గుండ్రంగా కోసిన నల్లి ఎముక కింది దవడకి ఉంగరంలా ఎక్కి కోరల వెనక ఇరుక్కుంటుంది. దాన్ని ఇంట్లో కటింగ్ ప్లేయరుతో తీయబోతే కోరలు విరుగుతాయి, మత్తిచ్చి కోయించాలి.

రోజంతా గేటు దగ్గర కట్టేసిన కుక్కలు గొలుసు కొరుకుతాయి. వాటి కోరలు వెనక వైపు అరిగి, మధ్యలో సన్నబడి, ఒకరోజు టక్కున విరుగుతాయి. నాపరాతి ముక్కలు, కంకర నోట్లో వేసుకు తిరిగే కుక్కలకి ముందు పళ్ళు అరిగి మొద్దులవుతాయి. నిదానంగా అరిగితే పన్ను లోపల కొత్త పొర వేసుకుని తట్టుకుంటుంది, మధ్యలో గోధుమ చుక్క నున్నగా కనపడుతుంది. ఆ చుక్కలోకి సన్నని పుల్ల దిగుతోందంటే తట్టుకోలేదని. గొలుసు బదులు నైలాన్ తాడు, కొరకడానికి గోరు దిగే రబ్బరు బొమ్మ, అన్నిటికంటే ముఖ్యంగా రోజుకి రెండుసార్లు నడక ఉంటే ఈ కొరుకుడు సగం తగ్గుతుంది. విసుగే దీనికి మూలం.

గార తీయించడం

ఇది మత్తులోనే చేయాలి. మత్తు లేకుండా పెట్ షాపుల్లో గీకి పళ్ళు తెల్లగా చేసి పంపేది అందం కోసమే. చిగురు కింది గార అట్లాగే ఉంటుంది, పైన పన్ను మీద గీతలు పడి పాచి ఇంకా త్వరగా పట్టుకుంటుంది, మనకేమో పని అయిపోయిందన్న భ్రమ మిగులుతుంది. దీనికంటే ఏమీ చేయించకపోవడం నయం.

డాక్టరుకి ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. గొంతులో గాలి గొట్టం పెడతారా? చిగురు కింద కూడా శుభ్రం చేస్తారా? చివర్లో పాలిష్ చేస్తారా? గొట్టం లేకుంటే గార తీసే మిషను (స్కేలర్) చిమ్మే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలిష్ లేకుంటే గరుకు పన్ను మీద గార మళ్లీ తొందరగా వస్తుంది. పళ్ళ ఎక్స్‌రే ఉంటే ఇంకా మంచిది, వేరు జబ్బు పైకి కనపడదు. కష్టమైన కేసైతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకి గానీ తిరుపతి కళాశాలకి గానీ తీసుకెళ్లొచ్చు, రెండూ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే.

మత్తుకి ముందు రక్తపరీక్ష చేయించండి, రక్తకణాల లెక్క, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయం పరీక్ష కనీసం. మన దగ్గర పిడుదుల జ్వరం ఎక్కువ కాబట్టి ప్లేట్‌లెట్ల సంఖ్య చూడకుండా పళ్ళు పీకించడం సాహసమే, రక్తం ఆగదు. పెద్ద కుక్కకి రాత్రి తిండి తర్వాత ఏమీ పెట్టకండి, నీళ్లు మాత్రం పొద్దున దాకా ఉంచొచ్చు. కుక్కపిల్లలకి, పిల్లికూనలకి ఇంత ఉపవాసం పనికిరాదు, చక్కెర పడిపోతుంది, ఎన్ని గంటలో డాక్టరునే అడగండి. పళ్ళు తీశాక 10 నుంచి 14 రోజులు మెత్తటి తిండే. బొమ్మలు, తాడు లాగుడు ఆట వద్దు, కుట్లు వాటంతటవే కరిగిపోతాయి.

పిల్లుల సంగతి వేరు

పిల్లికి మనలా పళ్ళు పుచ్చవు. దాని జబ్బు వేరే: చిగురు అంచు దగ్గర పన్ను తనంతట తానే కరిగిపోతుంది. పైకి చిగురు పన్ను మీదికి పాకినట్టు చిన్న ఎర్ర మచ్చ కనపడుతుంది. ముట్టుకుంటే దవడ టకటకా వణుకుతుంది. పన్ను తీయడమే వైద్యం. ఇంకోటి నోరంతా మండేలా వచ్చే పూత. గొంతు మూలల దాకా ఎర్రగా, చిక్కటి సొంగతో, తిండి దగ్గరికి పోయి బుసకొట్టి వెనక్కి వచ్చే పిల్లికి ఇది ఉండొచ్చు. ముదిరిన వాటికి దవడ పళ్ళన్నీ తీయాల్సి వస్తుంది. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ నొప్పి పోయాక చాలా పిల్లులు గట్టి గింజలు కూడా తింటాయి.

పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్నది, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. కుక్క ఒకరోజు పస్తుంటే చూద్దాం అనొచ్చు, పిల్లికి అట్లా కుదరదు. పెరుగన్నం, పాలన్నంతోనే పెంచే పిల్లులకి టారిన్ అనే పోషకం అందదు. అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. లేకుంటే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనమవుతుంది. శాకాహార ఇంట్లో పిల్లిని పెంచాలనుకుంటే కనీసం పిల్లుల కోసమే తయారుచేసిన సంపూర్ణ మేత కొనక తప్పదు.

పూలు కట్టే దారం గురించి తప్పక చెప్పాలి. వాడిన మల్లెపూల దండ కింద పడేస్తే పిల్లి దారాన్ని మింగుతుంది. ఒక కొస నాలుక కింద చుట్టుకుని, రెండో కొస పేగుల్లోకి పోతుంది. పేగు ఆ దారం మీద ముడుచుకుపోతుంది. వాంతులు చేసుకుంటున్న పిల్లి నాలుక కింద దారం కనపడినా, వెనక నుంచి వేలాడుతున్నా లాగొద్దు. లాగితే పేగు కోసుకుపోతుంది.

చిగుళ్ల రంగు చెప్పేవి

చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తగ్గింది. కుక్కపిల్లల్లో కొక్కెం పురుగులు, పెద్ద కుక్కల్లో పిడుదులు ముందు అనుమానించాలి. చిగుళ్ల మీద, పొట్ట మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు, ముక్కు నుంచి రక్తం, జ్వరం, తిండి మానడం కలిస్తే ఎర్లిషియా అనే పిడుదుల జ్వరం. దానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. నాలుగో రోజు కుక్క లేచి తిరుగుతుందని ఆపేస్తే తిరగబెడుతుంది. పిల్లికి ఈ మాత్ర ఎప్పుడైనా రాస్తే వెంటనే సిరంజీతో 5 మి.లీ. నీళ్లు తాగించాలి, గొంతులో ఆగిపోతే పుండు చేస్తుంది. పిడుదు కుక్క మీద ఉన్నంతే గోడ సందుల్లో, బండల అతుకుల్లో కూడా ఉంటుంది, ఒక్కోటి వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకి మందు వేసి గూడు వదిలేస్తే లాభం లేదు. కుక్కల పిడుదు మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నది పిల్లికి తగలకూడదు, వణుకు, ఫిట్సు వచ్చి చనిపోతుంది.

చిగుళ్లు పసుపుపచ్చగా ఉంటే కామెర్లు. పిడుదుల జబ్బులు, ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్‌తో పాటు అనంతపురం వైపు ఇంకో కారణం మనసులో ఉంచుకోవాలి: బూజు పట్టిన బుడ్డలు. తేమలో ఉన్న శెనక్కాయల్లో, నూనె తీసిన చెక్కలో, మొక్కజొన్నలో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కుక్క దానికి బాగా లొంగిపోతుంది. ఉడికించినా వేయించినా అది పూర్తిగా పోదు. మనం పనికిరాదని ఏరి పారేసినవి కుక్క గిన్నెలోకి పోకూడదు.

చిగుళ్లు తెల్లబడి మూత్రం కాఫీ రంగులో వస్తుంటే ఉల్లి, వెల్లుల్లి గుర్తుచేసుకోండి. నాటుకోడి పులుసు కలిపిన సంగటి రోజూ పెట్టే ఇళ్లలో ఇది మెల్లగా జరుగుతుంది. ఉడికినా విషమే. పిల్లికి కిలో బరువుకి 5 గ్రాముల ఉల్లి, కుక్కకి 15 నుంచి 30 గ్రాములు చాలు ఎర్ర రక్తకణాలు దెబ్బతినడానికి. సంగటి మానక్కర్లేదు, ఉల్లి, వెల్లుల్లి వేయకముందే దానికి మాంసం ముక్కలు పక్కకి తీసిపెట్టండి.

పిల్లి చిగుళ్లు గోధుమ, నీలం రంగులోకి మారి మొహం వాచిందంటే ఎవరో జ్వరం మాత్ర వేశారు. పారాసిటమాల్ సగం మాత్ర కూడా పిల్లిని చంపగలదు. కుక్కకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలని దెబ్బతీస్తాయి. పంటి నొప్పికి మన డబ్బాలోంచి ఏ మాత్రా వద్దు.

ముసలి వాటికి నోటి నుంచి మూత్రం లాంటి వాసన వస్తే కిడ్నీ, తీపిగా పండు కుళ్లినట్టు వస్తే షుగరు పరీక్ష చేయించాలి.

ఇటుక రంగు చిగుళ్లు, ఆగని వగర్పు, చిక్కటి సొంగ వేసవిలో కనపడితే ఎండదెబ్బ. మామూలు ఒంటివేడి ఫారన్‌హీట్‌లో 101 నుంచి 102.5. 104 దాటితే ప్రమాదం. నీడకి చేర్చి, మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాను పెట్టండి, మెలకువగా ఉంటే తాగనివ్వండి. 103.5కి దిగాక తడపడం ఆపి ఆసుపత్రికి పోండి, లేచి తిరుగుతున్నా సరే. కిడ్నీలు, రక్తం గడ్డకట్టడం ఆ తర్వాతి రోజుల్లో దెబ్బతింటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు లోపు, లేదా చీకటి పడ్డాక నడిపించండి. ఎండకి కాగిన కడప బండ మీద మన చెయ్యి ఆనలేకపోతే దాని పాదమూ ఆనలేదు. నీళ్లు కిలో బరువుకి రోజుకి 50–60 మి.లీ., అంటే 20 కిలోల కుక్కకి లీటరు పైన. వేసవిలో ఇంకా ఎక్కువ.

చెయ్యి పెట్టకూడని నోరు

దవడ వేలాడిపోయి, సొంగ కారుతూ, నీళ్లు మింగలేక, గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు కనపడే కుక్క నోట్లో చెయ్యి పెట్టొద్దు. రేబిస్ చాలాసార్లు ఇట్లాగే కనపడుతుంది, కరవడానికి రాదు, నోరు మూయలేదు. టీకా లేని కుక్క, వీధి కుక్క, ఈమధ్య కరిపించుకున్న కుక్క అయితే గది తలుపు వేసి పశువైద్యుణ్ని పిలవండి. చేతి మీద గీత ఉన్నప్పుడు సొంగ తగిలినా కరిచినట్టే లెక్క. 15 నిమిషాలు ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, అదే రోజు మనుషుల ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. గాయం నుంచి రక్తం వచ్చినా, పుండు మీద సొంగ పడినా, టీకా పనిచేసేలోపు కాపాడే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా వేయించుకోవాలి.

కుక్కపిల్లకి మొదటి టీకా 6–8 వారాల మధ్య, ఆపైన మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకి, తర్వాత ఏటా. నులిపురుగుల మందు రెండో వారం నుంచి రెండు వారాలకోసారి మూడు నెలల దాకా, ఆపైన ఆరు నెలల దాకా నెలనెలా, ఆ తర్వాత మూడు నెలలకోసారి. మోతాదు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి అంచనాతో వేయకండి. కుక్కని ఎత్తుకుని ఇంట్లో తూకం మిషను ఎక్కి, మీ బరువు తీసేయండి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఆరోజు వరుసలో పదుల కుక్కలుంటాయి, గట్టి పట్టీ, మూతికి జాలీ వేసి తీసుకెళ్లండి, పిల్లినైతే బుట్టలో పెట్టి పైన గుడ్డ కప్పండి. టీకా వేశాక ఎట్లాగూ డాక్టరు ముందే ఉంటారు కాబట్టి పైపెదవి ఒకసారి ఎత్తి ఆ పెద్ద పన్ను చూడమని అడగండి.